పెద్దాయన నోట ‘వాడు’

దేవుని తోడు, ఇందులో ప్రతి అక్షరం నిజం. మా భజన మందిరం హార్మోనియం మీద చెయ్యి పెట్టి చెప్తున్నాను. ఆ హార్మోనియంలో ఒక మెట్టు ఎప్పటినుంచో పలకదు. నేను అబద్ధం రాస్తే మిగతా మెట్లు కూడా ఒక్కొక్కటే మూగబోవాలి. దీన్ని చిన్న ఒట్టు అనుకోకండి. దాన్ని వాయించేది నేనే, చెడిపోతే విప్పుకుని కూర్చోవలసిందీ నేనే.

ఇంత గట్టిగా ఒట్టేయడం ఎందుకంటే, చంద్రపూర్ కోటగోడ లోపల మా గల్లీల్లో నా మాటకు పెద్ద విలువ లేదు. కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం నాది. మిషన్ విప్పాక తిరిగి బిగించేదాకా ఎదురుగా కూర్చున్న మనిషికి ఏదో ఒకటి చెప్పాలి కదా. అట్లా ఒకసారి, థర్మల్ కరెంటు కేంద్రం వైపు నుంచి దారితప్పి వచ్చిన చిరుతపులి మా శనివారం భజనలో చెప్పుల పక్కన కూర్చుని మంగళహారతి దాకా విన్నదని చెప్పాను. అక్కడ ఆగితే బాగుండేది. ప్రసాదం కోసం వరసలో నిలబడిందని కూడా అన్నాను. దొరికిపోయాను. చిరుత వచ్చిందంటే మా ఊళ్ళో ఎవరైనా నమ్ముతారు. మా మందిరంలో వరసలో నిలబడ్డ ప్రాణి ఒకటుందంటే ఎవరూ నమ్మరు.

మందిరమంటే పెద్దదేమీ కాదు. బట్టల బజారు వెనక గల్లీలో రెండు గదులు, ముందు మూడు మెట్లు, పైన రేకులు. ఆసిఫాబాద్, మంచిర్యాల వైపు నుంచి వ్యాపారానికి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన తెలుగు కుటుంబాలు కట్టుకున్నది. మా పిల్లల తరం వచ్చేసరికి తెలుగు నోట్లో మిగిలింది, కళ్ళలోంచి పోయింది. అందరూ మరాఠీ బడుల్లో చదివినవాళ్ళే. అందుకని తెలుగు కీర్తనలన్నీ మరాఠీ అక్షరాల్లో అచ్చువేయించి పంచాం. మా పిల్లలు చదవగలిగింది పక్కింటివాళ్ళూ చదవగలరన్న సంగతి మాకు తట్టలేదు. ఎదురింటి మరాఠీ ఆవిడ, గల్లీ చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న హిందీ ఆయన, ఇట్లా ఒక్కొక్కరే వచ్చి కూర్చుని, అర్థం తెలియకపోయినా మాకన్నా బాగా పాడటం మొదలుపెట్టారు. గొంతు కలపడానికి మావాళ్ళెవరికీ అభ్యంతరం లేదు. చిక్కంతా బంతి కలిపే దగ్గరే. బంతి అంటే మావైపు భోజనాల వరస.

బంతికి పెద్ద మా పెద్దాయన. ఎనభై దాటిన మనిషి. బజారులో అందరికీ పెద్దసేటు, నాకు వరసకు పెద్దబాపు, అంటే పెదనాన్న. బంతి మొదట్లో ఆయన పీట ఉంటుంది. అందరి విస్తర్లలో వడ్డన అయ్యాక ఆయన ‘గోవిందా’ అనాలి. అప్పటిదాకా ఎవరూ ముద్ద కలపరు. ఆయన లేచిపోతే బంతి మొత్తం లేవాల్సిందే.

అరవై ఏళ్ళు మరాఠీ ఆడవాళ్ళకు చీరలమ్మినా ఆయన మరాఠీ మాత్రం తెలుగు నడకే నడుస్తుంది. మాట చివర అచ్చు లేకపోతే మన నోటికి ఊరట ఉండదు కదా. ఉప్పును మరాఠీలో ‘మీఠ్’ అంటారు. ఆయనకది మీఠు. పెట్టు అనడానికి ‘ఠేవ్’. ఆయనకది ఠేవు. వడ్డించు అనడానికి ‘వాఢ్’. పెద్దాయన నోట్లో అది అచ్చంగా ‘వాడు’.

ఈ ‘వాడు’ వాళ్ళింట్లో రోజూ మోగే మాట. ఎందుకంటే ఆయన మనవడు మూడేళ్ళ క్రితం ఒక మరాఠీ అమ్మాయిని ప్రేమించి చేసుకున్నాడు. ఆ అమ్మాయికి తెలుగు రాదు. పెద్దాయన కంచం ముందు కూర్చుని “పోరీ, వాడు” అంటే ఆమె అన్నం పెడుతుంది. కొత్తలో ఒకసారి మనవడు పక్కగదిలోంచి “ఎవడు తాతా? ఎవడొచ్చిండు?” అని కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడట. కర్ర నేను కలిపింది కాదు.

ఇక అసలు సంగతి. మా డోలక్ వాయించే ముసలాయనకు చేతులు వణకడం మొదలై మూడు నెలలు చప్పట్లతో భజన నడిపాం. అది భజనలాగ లేదు, దోమలు కొడుతున్నట్టుంది. ఆ రోజుల్లో ఒకతను తన భార్య కుట్టుమిషన్ తీసుకుని నా దుకాణానికి వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. మరాఠీ మనిషి. పెళ్ళిళ్ళ బ్యాండులో వాయిస్తాడు, బ్యాండు లేని రోజుల్లో బొగ్గు లారీల దగ్గర పని. నేను మిషన్ విప్పుతుంటే అతను దాని చెక్కమూత మీద ఊరికే వేళ్ళు ఆడించాడు. నా చేతిలో స్క్రూ జారి కిందపడింది. వెతుక్కోలేదు.

శనివారం నాతో తీసుకుపోయాను. మూడు కీర్తనలు ఎప్పుడయ్యాయో ఎవరికీ తెలియలేదు. పెద్దాయన ఎవరినీ మెచ్చుకునే మనిషి కాదు. కళ్ళు మూసుకునే “ఇంకోటి” అన్నారు. అతనికి మేం ‘దయచేయి’ అని పాడితే అది తినేదో కట్టుకునేదో తెలియదు. దాని మీద పడవలసిన దెబ్బ మాత్రం వెంట్రుకవాసి తప్పకుండా పడేది.

ప్రసాదాల దగ్గర మా లోపలి గది నిండిపోయింది. అతనికి కాగితం ప్లేటు మెట్ల మీదికి వచ్చింది. కొత్త మనిషికి మర్యాద అనుకున్నాడు. రెండో శనివారమూ మెట్ల మీదికే వచ్చింది. ఏ కులమని మావాళ్ళెవరూ అతన్ని అడగలేదు. ఏ గల్లీలో ఉంటావని అడిగారు. మా ఊళ్ళో ఆ ఒక్క ప్రశ్న చాలు.

నాలుగో శనివారం తర్వాత అతను నా దుకాణానికి వచ్చాడు. కూర్చోలేదు. మరాఠీలోనే, మెల్లగా చెప్పాడు:

“కాకా, డోలక్‌ను లోపల దేవుని పక్కన పెడుతున్నరు. నన్ను బయట చెప్పుల పక్కన పెడుతున్నరు. మీ చిరుత సుత అక్కడనే కూసున్నదట గదా.”

నవ్వుతాడేమోనని మొహంలోకి చూశాను. నవ్వలేదు.

“వచ్చే వారం సప్తాహం ముగింపు భోజనాలున్నయట. నా భార్యను సుత తీసుకొస్తా. బంతిల కూసుండబెడితే బతికున్నన్ని రోజులు మీకు వాయిస్తా. ప్లేటు మెట్ల మీదికొస్తే, ఆమె ముంగట ఆ ప్లేటు పట్టుకోను. డోలక్ మీదే, ఉంచుకోండ్రి. నేను మళ్ళ రాను.”

అప్పుడు నేను చేసిన పని చెప్పాలి. “గట్లెందుకంటవు?” అన్నాను. “పెద్దాయననే చెప్పిండు. సప్తాహం నాడు నిన్ను తన పక్కనే కూసుండమన్నడు.”

అతను “ఖరంచ్?” అన్నాడు. నిజంగానా అని.

“దేవుని తోడు” అన్నాను.

ఆ ఒట్టు ఇంతకుముందు మీరు విన్నదే.

అతని మొహం విచ్చుకున్న తీరు చూశాక నాకు భయం పట్టుకుంది. చిరుత విషయంలో ఎవరికీ ఏమీ పోలేదు. ఇక్కడ ఒక మనిషి తన భార్యను వెంటబెట్టుకుని నా మాట మీద నడిచి రాబోతున్నాడు. లోపల ఎవరూ అతన్ని పిలవలేదు.

అబద్ధాన్ని నిజం చేయడం ఒక్కటే దారి అనిపించి ముందు మందిరం కార్యదర్శి దగ్గరికి పోయాను. కిరాణా వ్యాపారి, నాకు వరసకు బావ. బావ పుట్టుకతో చెడ్డవాడేమీ కాదు. దాంతోనే చిక్కు. చెడ్డవాడైతే తిట్టి రావచ్చు.

“బావా, డోలకాయనను ఈసారి బంతిల కూసుండబెడదాం” అన్నాను.

“కూసుండబెడ్దాం. నీ కథల చిరుతను గుడ పిలువు. ఇద్దరికీ పక్కపక్కన ఇస్తర్లేద్దాం.”

“పరాచికం కాదు బావా.”

“నాది గుడ పరాచికం కాదు.” తరాజు పక్కకు పెట్టాడు. “వాయించమను, ఎవలొద్దన్నరు? ప్రసాదం గుడ పంపుతున్నం. మెట్ల మీద తింటే ప్రసాదం కాకుంటవోతదా? మూడు ఇండ్లోల్లు నా దగ్గరికొచ్చి చెప్పిన్రు, ఆయన బంతిల కూసుంటే మేం లేస్తమని. సప్తాహం నాడు ఇస్తర్ల ముంగట కెల్లి జనం లేచిపోతే దేవుని మొకం ఎట్ల చూస్తం? నువ్వు చెప్పు.”

“ఆయన లేచిపోతే చూడొచ్చునా?”

బావ తరాజు మళ్ళీ ముందుకు లాక్కుని, “ఇప్పటికే సేటు మనవడి పెండ్లాం గరిటె పడ్తదట ఈసారి” అన్నాడు. “మరాఠి పిల్ల. మూడేండ్ల సంది మందిరం వంటింట్ల అడుగు పెట్టలేదు. సేటు మాట అని ఊకున్న. ఒక్క ఏడాదిల ఎన్ని మింగాలె మేము?”

మిగిలింది పెద్దాయనే. మధ్యాహ్నం పోయాను. ఎండకు కోటగోడ రాళ్ళు పేలతాయేమో అన్నట్టుంది. ఆయన కూలర్ ముందు మంచం మీద పడుకుని ఉన్నారు. మనవడు పక్కన ఫోన్ చూసుకుంటున్నాడు. మనవడి భార్య గడపలో కూర్చుని సప్తాహం కోసం బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ధైర్యం కోసం ముందు చిరుత కథ కొత్తగా అల్లి చెప్పాను. ఈసారి చిరుత ప్రసాదంలో ఉప్పు తక్కువైందని వెళ్ళిపోయింది. గడపలోంచి కిసుక్కున నవ్వు వినిపించింది. మనవడు ఆ తర్వాత నవ్వాడు. నేను అప్పుడు పట్టించుకోలేదు.

“పెద్దబాపూ, డోలక్ ఆయన మంచిగ వాయిస్తుండు గదా.”

“వాయిస్తుండు.”

“సప్తాహం నాడు బంతిల...”

“బంతి సంగతి బంతి నాడు.” కళ్ళు మూసుకునే అన్నారు. నేను లేవబోతుంటే ఆయన ఆగారు. ఎందుకు చెప్పారో తెలియదు, ఒక పాత సంగతి చెప్పారు.

“ఈ ఊరికి నేనొచ్చినప్పుడు మూటలు మోసిన. ఎరికేనా నీకు? ఒక పెద్ద సేటింట్ల పెండ్లి. మాలు దింపి నేను గుడ బంతిల కూసున్న. ఇస్తర్ల అన్నం పడ్డది. ముద్ద కలిపిన. ఒకాయన వచ్చి భుజం మీద చెయ్యేసి, ‘లే, ఇది మావోల్ల బంతి’ అన్నడు. ఆ ముద్ద చేతిల పట్టుకొని లేచిన. ఏడ పెట్టాల్నో తెల్వలే. బజారు దాక గట్లనే చేతిల పట్టుకొని పోయిన.”

గడపలో బియ్యం చేటలో గలగల ఆగింది.

“అందుకనే మన మందిరంల నేను పెట్టిన కట్టుబాటు ఒక్కటే. వడ్డించిన ఇస్తరి ముంగట కెల్లి ఎవల్ని లేపొద్దు. శత్రువైనా సరే.”

“మరి డోలకాయన...”

“నీకు మిషన్లు లేవా బాగుచేసుకోను? పోరా.”

ఔనని అనలేదు, కాదని అనలేదు. వడ్డించిన విస్తరి గురించి చెప్పారు గాని, ఆ విస్తరి ముందు ఎవరిని కూర్చోబెట్టాలో చెప్పలేదు.

సప్తాహం ముగింపు రోజు పొద్దున్నే, ఇక నిజం చెప్పేద్దామని రైలు పట్టాల అవతల ఉన్న డోలక్ అతని ఇంటికి పోయాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఏదో ఒకటి చెప్పి, ఈసారికి రావద్దనాలి. అతను గడపలో కూర్చుని షేవింగ్ చేసుకుంటున్నాడు. లోపల అతని భార్య తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తోంది, నేను బాగుచేసిన మిషన్ మీదే దుప్పటి పరిచి.

“కాకా, మీ పద్ధతి నాకు తెలియదు. ఒట్టి చేతులతో రావచ్చునా?” అని మరాఠీలో అడిగింది. “కొబ్బరికాయ తెచ్చిపెట్టిన. పూలు సుత తేవాల్నా? ఆజోబా పక్కన కూసునుడంటే మాటలా. ఈయన రాత్రంతా నిద్రపోలేదు.” ఆజోబా అంటే తాతగారు, మా పెద్దాయన.

“కొబ్బరికాయ చాలమ్మా” అన్నాను.

అంతే అన్నాను. దారి పొడుగునా కూర్చుకున్న మాటలు అక్కడే పట్టాల మీద వదిలి వచ్చాను.

మధ్యాహ్నం మందిరం ముందు షామియానా వేశారు. మోదుగాకు విస్తర్లు రెండు వరసలుగా పరిచారు. అటు ఆడవాళ్ళు, ఇటు మగవాళ్ళు. పులిహోర, పప్పు, వంకాయకూర, తీపికి రవ్వ శీర. కూలర్ తిరుగుతున్నా అందరికీ చెమటలు కారుతున్నాయి. నాకు ఎక్కువ కారుతున్నాయి.

భజన అయిపోయింది. అతను ఆ రోజు వాయించినట్టు మళ్ళీ ఎప్పుడూ వాయించలేదు. తర్వాత డోలక్ మీద గుడ్డ కప్పి, చేతులు కడుక్కుని, తెల్ల చొక్కా సర్దుకుని, తిన్నగా పోయి పెద్దాయన పీట పక్క విస్తరి ముందు కూర్చున్నాడు. అతని భార్య ఆడవాళ్ళ వరస చివర కూర్చుని కొబ్బరికాయ ఒళ్ళో పెట్టుకుంది.

బంతిలో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అతని పక్కన కూర్చున్న ఇద్దరు, ఎండ పడుతోందన్నట్టు పైకి చూసి, లేచి అవతలి చివరకు పోయారు. అక్కడ ఎండ పడుతోంది. బావ పప్పు బకెట్‌తో నా దగ్గరికి వచ్చి చెవిలో, “నువ్వేనా?” అన్నాడు. నేను నీళ్ళ జగ్గు పట్టుకుని నిలబడ్డాను. నీళ్ళు పోయాలన్న సంగతి గుర్తులేదు.

పెద్దాయన కర్ర పొడుచుకుంటూ వచ్చారు. పీట దగ్గర ఆగారు. పక్కన కూర్చున్న మనిషిని చూశారు. ఆయన చూపు మందగించింది గాని, తెల్ల చొక్కా ఎవరిదో తెలియనంతగా కాదు. మెల్లగా కూర్చున్నారు.

డోలక్ అతను చేతులు జోడించి, అందరికీ వినబడేట్టు మరాఠీలో అన్నాడు: “నమస్కార్ ఆజోబా. మీరు పిలిచారని కాకా చెప్పాడు. చాలా సంతోషం.”

పెద్దాయన తల తిప్పి నన్ను వెతికారు. ఆ చూపు నా మీద ఆగినప్పుడు జగ్గు చేతిలోంచి జారలేదంటే అది దేవుని దయ.

బావ ముందుకు వచ్చాడు. “సేటూ, నువ్వు పిలిచినవా?”

పెద్దాయన కర్రను పీట పక్కన పడుకోబెట్టారు. అవతలి వరసలో ఒకాయన అప్పటికే మోకాలు మీద చెయ్యి పెట్టాడు, లేవడానికి. డోలక్ అతను పెద్దాయన వైపు, బావ వైపు, నా వైపు చూశాడు. అతనికి తెలుగు రాదు. ఆ చూపులు అర్థం కావడానికి తెలుగు అక్కర్లేదు. అతని చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. మెల్లగా కిందికి దిగుతున్నాయి. ఇంకొక్క క్షణం ఉంటే అతనే లేచిపోతాడని నాకు తెలిసింది. ఎవరూ లేపనక్కర్లేకుండా, అతనే.

అప్పుడు పెద్దాయన కుడిచెయ్యి ఎత్తారు. వేలు తెల్ల చొక్కా వైపు తిరిగింది.

“వాడు...” అన్నారు.

అక్కడ దగ్గు అడ్డం పడింది. మాట ఆగింది.

ఆ దగ్గు తగ్గేలోపే, పులిహోర గిన్నెతో వరస మొదట్లో నిలబడి ఉన్న మనవడి భార్య ఒక అడుగు ముందుకు వేసింది. వాళ్ళింట్లో రోజూ వినే మాటే కదా. వంగి డోలక్ అతని విస్తరిలో పులిహోర వడ్డించింది. ఒక గరిటె. ఇంకో గరిటె.

“ఆగు! ఎవలు వడ్డియ్యమన్నరు నిన్ను?” బావ అరిచాడు.

ఆమె నిటారుగా నిలబడి మరాఠీలో చెప్పింది: “ఆజోబానే కదా. వాఢ్ అన్నారు.”

నాకు అప్పుడు నోరు వచ్చింది. జగ్గు కింద పెట్టి షామియానా అదిరేట్టు చెప్పాను: “ఔ బావా! పెద్దబాపు మరాఠి నీకు తెల్వదా? వాఢ్ అనేందుకు వాడు అంటడు. మీఠ్ అనేందుకు మీఠు అంటడు. ఆ పిల్లకు తెలుగు రాదు, పాపం. తాత వడ్డియ్యమన్నడనుకున్నది, వడ్డించింది. ఇంట్ల రోజూ గదే గదా!”

ఆడవాళ్ళ వైపు ఎవరో నవ్వారు. “నిజమే, నా ముంగట సుత గట్లనే అంటడు. ‘సాడీ దాఖవు’ అంటడు చీర చూపెట్టమనేందుకు” అంది ఎదురింటి మరాఠీ ఆవిడ, తన మరాఠీలో. ఇంకో ఇద్దరు నవ్వారు. నా జీవితంలో నేను చెప్పిన మాట అరవై మంది ఒకేసారి నమ్మడం అదే మొదటిసారి.

కానీ నవ్వుతో పని కాలేదు. ‘గోవిందా’ ఇంకా రాలేదు. అందరి విస్తర్లూ ఖాళీగా ఉన్నాయి. ఒక్క డోలక్ అతని విస్తరిలోనే పులిహోర పచ్చగా ఉంది. అతను దాన్ని ముట్టుకోలేదు. పెద్దాయన ఆ విస్తరి వైపే చూస్తున్నారు. బావ బకెట్ చెయ్యి మార్చుకున్నాడు, మళ్ళీ మార్చుకున్నాడు.

“వడ్డించిన ఇస్తరి” అన్నారు పెద్దాయన. ఎవరితోనో కాదు.

తర్వాత తల ఎత్తి మనవడి భార్యను చూసి, “మీఠు” అన్నారు.

ఆమె ఉప్పు తెచ్చింది. ముందు ఆయన విస్తరి వైపు వంగితే, ఆయన వేలితో పక్క విస్తరి చూపించారు. ఆమె డోలక్ అతని విస్తరి అంచున ఉప్పు పెట్టింది. తర్వాతే ఆయనకు.

మిగతా వడ్డన మొదలైంది. లేస్తామన్న మూడు ఇళ్ళవాళ్ళలో ఒక ఇల్లు లేచింది. తండ్రీ ఇద్దరు కొడుకులూ చెప్పులేసుకుని పోయారు. పెద్దాయన వాళ్ళను పిలవలేదు, ఆపలేదు. మిగతా రెండిళ్ళవాళ్ళు విస్తర్లలోకి చూస్తూ కూర్చున్నారు. బావ పప్పు వడ్డిస్తూ వచ్చి డోలక్ అతని దగ్గర ఆగాడు. గరిటె గాలిలో ఆగింది. చివరికి ఎత్తు నుంచి వేశాడు. పప్పు చింది తెల్ల చొక్కా మీద పసుపు మరక పడింది. అతను మరక వైపు చూశాడు. తుడుచుకోలేదు.

“గోవిందా” అన్నారు పెద్దాయన.

అందరికన్నా గట్టిగా ‘గోవింద’ అన్నది ఆడవాళ్ళ వరస చివరి నుంచి. కొబ్బరికాయ ఇంకా ఆమె ఒళ్ళోనే ఉంది.

ఇది జరిగిన తర్వాతి శనివారం అతను వచ్చాడు. ఆ తర్వాతి శనివారమూ వచ్చాడు. ప్రసాదం లోపలే తింటున్నాడు. మరక పోలేదట, ఆ చొక్కా వేసుకునే వస్తున్నాడు. బావ దాన్ని చూసినప్పుడల్లా కీర్తన కాగితంలోకి తల దూరుస్తాడు. లేచిపోయిన ఇంటివాళ్ళు ఇప్పటికీ రావడం లేదు. వాళ్ళ పెద్దకొడుకు మాత్రం గల్లీ మలుపులో బండి ఆపి డోలక్ వింటున్నాడని విన్నాను. ఇది చిరుత లాంటిది కాదు, బండి నంబరు కూడా తెలుసు.

నెల తర్వాత పెద్దాయన దగ్గర కూర్చున్నప్పుడు ఉండబట్టలేక అడిగాను. “పెద్దబాపూ, ఆ రోజు ‘వాడు’ అని ఏమనబోయినవు? వాడు నేను పిలిచినోడే అనేందుకా, వాడు ఎవడు అనేందుకా?”

ఆయన కళ్ళు మూసుకున్నారు. “నువ్వే చెప్పినవు గదరా అందరికి, వడ్డియ్యమన్ననని. ఊరంత నమ్మింది. నేను గుడ నమ్మిన. ఇప్పుడు నువ్వు మార్చకు.”

కథ ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ పోయిన శనివారం హార్మోనియంలో ఇంకో మెట్టు కూడా పలకడం మానేసింది. ఒట్టు వేసినవాడిని నేనే కాబట్టి ఒప్పుకోవడం మంచిది.

డోలక్ అతనికి చెప్పిన అబద్ధం ముందే ఒప్పుకున్నాను, అది లెక్కలోకి రాదు. చిరుత జోలికి నేను పోను. పెద్దాయన మరాఠీ ఎట్లా ఉంటుందో ఉన్నదున్నట్టే రాశాను. నేను కల్పించింది ఒకే ఒక్క ముక్క. ఆ అమ్మాయికి తెలుగు రాదన్నది. ఆమె పొరపాటు పడిందన్నది.

బావ “ఎవలు వడ్డియ్యమన్నరు” అని అడిగింది తెలుగులో. ఎవరూ మరాఠీలో చెప్పకముందే ఆమె జవాబిచ్చింది. అక్కడున్న అరవై మందిలో ఒక్కరూ అది పట్టుకోలేదు. నేను పట్టుకున్నాను. ఆమె అడుగు వేసేముందు పెద్దాయన వేలును చూసింది, కిందికి దిగుతున్న ఆ రెండు చేతులను చూసింది, అప్పుడు గరిటె ముంచింది. వాళ్ళింటి గడపలో చిరుతకు ముందుగా నవ్వింది ఎవరో, చేతిలో ముద్దతో బజారు దాకా నడిచిన కుర్రవాడి కథకు బియ్యం ఏరడం ఆపింది ఎవరో నాకు అప్పుడు గుర్తొచ్చింది. అందుకే జగ్గు కింద పెట్టి అంత గట్టిగా అరిచాను.

భోజనాలయ్యాక ఆమె నల్లా దగ్గర గరిటెలు కడుగుతుంటే పక్కన నిలబడి, “బిడ్డా, తెలుగు ఎన్నడు నేర్చుకున్నవు?” అని అడిగాను.

ఈ సంగతి తెలుగులో రాయడానికి భయపడటం లేదు. మా మందిరంలో తెలుగు చదవగలిగేవాళ్ళం నలుగురం మిగిలాం. పెద్దాయనకు చూపు ఆనదు. బావ మరాఠీ పేపరు తప్ప పట్టడు. నాలుగో మనిషి ఆమె అని ఈమధ్యే తెలిసింది.

ఆ రోజు ఆమె నల్లా కట్టేసి, అటూ ఇటూ చూసి, మా ఆసిఫాబాద్ యాస పొల్లు పోకుండా అన్నది:

“నాకు తెలుగు రాదు మామా. అందరికి గట్లనే చెప్పు.”